అమావాస్యనాడు కట్టిన పట్టీ

అమావాస్య వస్తోందంటే నాకు ముందురోజు నుంచే నడుం పట్టేసేది. ఊరంతటికీ అది సెలవు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆ రోజు వేలం పాట ఉండదు, లోడింగు ఉండదు, బరువులు మోసే కలాసీలు ఇళ్ళ దగ్గర కాళ్ళు చాపుకుని పడుకుంటారు. లోడు లేదు గనక లారీలన్నీ ఖాళీ. ఖాళీ లారీని ఏ ఓనరూ ఊరికే నిలబెట్టడు కదా, తోలుకొచ్చి నా షెడ్డు ముందు పెట్టేవాడు. నెలలో మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క రోజూ ఒక ఎత్తు. నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ అడిగినవాణ్ణి కాదు గానీ, అమావాస్యని రెండు నెలలకోసారి పెట్టమని మాత్రం చాలాసార్లు అడిగాను.

నాది కమాను కట్టల పని. లారీ చక్రాల దగ్గర వంపు తిరిగిన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి చూడండి, అదే కమాను కట్ట. బండి బరువంతా దాని మీదే. అన్నిటికంటే పైనుండే పొడుగాటిది మెయిన్ పట్టీ. కింది పట్టీ ఏదైనా విరిగితే బండి ఓ పక్కకి ఒరుగుతుంది, మెల్లగా తోలుకుంటూ ఇల్లు చేరొచ్చు. మెయిన్ పట్టీ విరిగితే మాత్రం ఇరుసే పక్కకి జరిగిపోతుంది. అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా బండి దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. చదును రోడ్డు మీదైతే పొలంలోకి పోతుంది. ఘాట్ రోడ్డు మీదైతే ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

అమావాస్యతో ఇంకో తంటా కూడా ఉండేది. ఆ రోజు స్పేర్ పార్టుల కొట్లూ మూసేసేవారు. బళ్ళన్నీ వచ్చే రోజునే కొత్త పట్టీ దొరకదు, ఇదెక్కడి ఖర్మో! అందుకని నా షెడ్డు వెనక పాత పట్టీల గుట్ట ఒకటి పెట్టుకున్నాను. మూలపడ్డ లారీల నుంచి ఊడదీసినవి. కొలతకి సరిపోయేది ఏరి, సమ్మెటతో కొట్టి వంపు సరిచేసి, కట్టలో వేసి బిగించేవాణ్ణి. కొత్తదాని కంటే పాతదే నయం, బరువుకి అలవాటు పడ్డ ఇనుము అనే డ్రైవర్లూ ఉండేవారు.

పాత పట్టీలో పగులు ఉందో లేదో కంటికి తెలియదు. తుప్పూ గ్రీజూ కప్పేస్తాయి. మా పనిలో దానికి ఒకటే పద్ధతి. పట్టీ నడిమధ్య బోల్టు కోసం ఒక కన్నం ఉంటుంది. అందులోంచి తీగ దూర్చి, పట్టీని గాలిలో వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. మంచి పట్టీ గంటలా మోగి, ఆ మోత చాలాసేపు సాగుతుంది. పగులున్నదీ మోగుతుంది గానీ, మోత చివర సన్నటి జీర వినపడి ఠక్కున తెగిపోతుంది. ఆ జీరని పట్టుకోవడమే విద్య. మా గురువు దగ్గర నాకు ఏడేళ్ళు పట్టింది.

నేను చెప్పుకోకూడదు గానీ, ఆ విద్యలో నాకు పేరుండేది. నర్సీపట్నం వైపు నుంచి వచ్చే డ్రైవర్లు "సెవాయన షెడ్డెక్కడ?" అని అడుగుతూ వచ్చేవారు. చెవి ఆయన అని, నా చెవిని బట్టి వాళ్ళు పెట్టిన పేరది. పేరుతో పాటు కోపమూ ఉండేది. హైవేని నాలుగు వరసలు చేస్తూ మా షెడ్డు ముందంతా ఎర్ర దుమ్ము లేపిన రోజులవి. అప్పట్లో నా కోపమంతా నసిగేవాళ్ళ మీద. జనానికి ఏం రోగమో గానీ, మాటని నోట్లోనే మింగేస్తున్నారనిపించేది. "గట్టిగా చెప్పి చావండి, అన్నం తినలేదా?" అని తిట్టేవాణ్ణి. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్నాయి. నేనూ ఒకటి కొని, అందులో మాట సరిగ్గా రావట్లేదని కొట్టువాడితో పోట్లాడి తిరిగిచ్చేశాను. ఊళ్ళో అందరికీ బాగా వినపడుతున్న ఫోను నాకొక్కడికే ఎందుకు వినపడలేదో ఆలోచించాలని మాత్రం తోచలేదు.

షెడ్డు వెనకే మా వంటిల్లు. ఆ రోజుల్లో మా ఆవిడకి ఓ చాదస్తం పట్టుకుంది. నేను పాత పట్టీ వేలాడదీసి కొట్టి, బాగుందని దింపుతుంటే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేది.

"మావా, ఆ పట్టీ నాకు నచ్చనేదు. ఒగ్గేయ్."

"నచ్చకపోడానికి అదేటే, కోకా?"

"అమాస పూట ఎదురు సెప్పకు. ఇంకోటి తియ్యి."

పక్కనున్న డ్రైవర్ ఆ మాట విన్నాడంటే ఇక అయిపోయినట్టే. అమావాస్యనాడు ఆడమనిషి వద్దన్న ఇనుముని బండికి కట్టించుకునే మగాడు మా చుట్టుపక్కల లేడు. నేను తిట్టుకుంటూ ఇంకోటి తీసేవాణ్ణి. ఆవిడ వద్దన్న పట్టీల్ని తనే ఈడ్చుకెళ్ళి వంటింటి గోడవారన పడేసేది. చాదస్తానికి మందు లేదు బాబూ అని డ్రైవర్లతో చెప్పి నవ్వేవాణ్ణి.

ఓ అమావాస్యకి ఆవిడ ఊళ్ళో లేదు. వాళ్ళక్కకి జ్వరమని ముందురోజే రోలుగుంట వెళ్ళింది. నేను చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని పనిలోకి దిగాను. పొద్దున్నే రెండు బళ్ళు అయ్యాయి. మూడోది బావది.

బావంటే చుట్టరికం ఏమీ లేదు. పదిహేనేళ్ళుగా అతను నన్ను బావా అంటే నేనతన్ని బావా అనడమే. మా ఆవిడ అతన్ని అన్నయ్యా అనేది. తన లారీ తనే తోలుకునేవాడు. అనకాపల్లి బెల్లం ఎక్కించుకుని సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు దింపి వచ్చేవాడు. ఇంట్లో ముసలి తల్లీ, భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ. అందరికీ ఆ బండీ, ఆ మనిషే ఆధారం.

"బావా, ఎడం పక్క కూలబడిపోనాది. ఓపాలి సూడు," అన్నాడు దిగుతూనే.

కిందకి దూరి చూశాను. వెనక ఎడమ కట్టలో మెయిన్ పట్టీ కొస దగ్గర నిలువునా చీలి ఉంది. కట్టని బండికి పట్టి ఉంచే పిన్నులూ, వాటి చుట్టూ ఉండే బుష్‌లూ అరిగి అరిగి వేలు దూరేంత సందు పడింది.

"దీంతోనా ఘాట్ ఎక్కేవు? నీకు బుర్రుందా నేదా?"

"ఉంటే లారీ ఎందుకు కొంతాను బావా?" అన్నాడు.

జాకీ ఎత్తి, కింద చెక్క దుంగలు పేర్చి, చక్రాలు ఊడదీశాం. కట్టని ఇరుసుకి బిగించి ఉంచే యూ బోల్టుల నట్లు తుప్పుతో కరుచుకుపోయాయి. పానాకి నా ఎత్తు పైపు తొడిగి, దాని మీద ఇద్దరం వేలాడితే ఒక నట్టు కదిలింది. రెండోది గ్యాసుతో ఎర్రగా కాల్చితే గానీ రాలేదు. మూడోది విరిగింది. నాలుగోది ఎందుకో నా మీద జాలిపడి తిన్నగా వచ్చేసింది. పాత బుష్‌లు సమ్మెటతో బయటికి కొట్టేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మోచేతుల దాకా గ్రీజు, కళ్ళ నిండా రోడ్డు దుమ్ము. బోర్లా పడుకుంటే నడుం నొప్పి, వెల్లకిలా పడుకుంటే మెడ నొప్పి. ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు. ఎందుకొచ్చిన పనిరా అని ఆ రోజు ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

గుట్టలోంచి కొలతకి సరిపోయే మెయిన్ పట్టీ ఒకటి లాగాను. తీగ దూర్చి వేలాడదీశాను. సుత్తితో కొట్టాను.

"ఏటి బావా, బాగుందా?"

"గుడి గంట! ఇను," అన్నాను.

బావ విననే లేదు, బీడీ వెలిగించుకున్నాడు. నేను బాగుందన్నాక అతనికి వినాల్సిన అవసరమే లేదు. ఆ పట్టీకి వంపు సరిచేసి, కట్టలో పేర్చి, ముందే కొని ఉంచుకున్న కొత్త బుష్‌లూ పిన్నులూ దిగ్గొట్టి, యూ బోల్టులు బిగించేసరికి పొద్దు వాలింది. "రేపు పొద్దున్న లోడింగు, మద్దినేలకి బయల్దేరిపోతాను. వత్తాను బావా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు మా ఆవిడ మొదటి బస్సుకే వచ్చేసింది. వస్తూనే పొయ్యి వెలిగించింది. నాకు ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ముందురోజు మిగిలిపోయిన ఒక బండికి పట్టీ కావాలి. గుట్టలోంచి ఒకటి తీసి, వేలాడదీసి, కొట్టాను. బాగా మోగింది. దింపబోతుంటే వంటింట్లోంచి కేక.

"మావా, అది నచ్చనేదు!"

నాకు తిక్క రేగింది. "అమాస నిన్ననే అయిపోనాది. ఇయ్యాల పాడ్యమి. ఇంక నీ నచ్చడాలు ఆపు!" అన్నాను.

ఆవిడ బయటికి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "అది పగిలిపోనాది మావా," అంది.

"పగిలిందా? నాకు సెప్తన్నావా నువ్వు?" అని, ఆవిడ నోరు ఒకేసారి మూయించేద్దామని పట్టీని రెండు దుంగల మీద అడ్డంగా పెట్టి సమ్మెట ఎత్తాను. మంచి పట్టీ అయితే ఎన్ని దెబ్బలైనా సమ్మెటని వెనక్కి తోసేస్తుంది. ఇది ఒక్క దెబ్బకి కన్నం దగ్గర రెండుగా విరిగింది. విరిగిన చోట సగం నల్లగా ఉంది, సగం తెల్లగా మెరుస్తోంది. తెల్లది ఇప్పుడు విరిగింది. నల్లది ఎప్పుడో విరిగి లోపల తుప్పు పట్టింది.

ఏదో గుడ్డి దెబ్బ తగిలిందిలే అనుకున్నాను. మా ఆవిడ గోడవార కుప్పలోంచి తను వద్దన్న పట్టీ ఒకటి ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. తీగ కట్టి మోగించాను. నా చెవికి బాగానే మోగింది. దుంగల మీద పెట్టి కొట్టాను. విరిగింది. మళ్ళీ సగం నలుపు, సగం తెలుపు. ఆవిడ మూడోది తెచ్చింది. మూడోదాన్ని కొట్టలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"రెండేళ్ళవుతాది. ఇరవై ఏళ్ళ నుంచీ పొయ్యి కాడ కూకుని ఈ మోతే కదా ఇంతన్నాను. మోత తేడా అవుతున్నా నువ్వు బాగుందనీవోడివి. ఓపాలి సెప్పేను. పానా ఇసిరేసేవు."

గుర్తొచ్చింది. "నీకు సెవుడొచ్చినట్టుంది మావా," అని అన్నదొకసారి, నవ్వుతూనే. నేను విసిరిన పానా గంజి గిన్నెకి తగిలి సొట్ట పడింది. ఆ సొట్ట గిన్నెలోనే రెండేళ్ళుగా అన్నం తింటున్నాను. ఆ తర్వాత ఆవిడ చెవి మాట ఎత్తలేదు. నచ్చలేదు అనడం మొదలెట్టింది. ఆవిడ చాదస్తాన్ని చూసి నవ్విన నా మొహం గుర్తొచ్చి, అక్కడే భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

సిగ్గుపడ్డానికి కూడా తీరిక దొరకలేదు. ఆవిడ గరిటె కింద పెట్టి, నా దగ్గరకొచ్చి, నాకు వినపడేట్టు గట్టిగా అడిగింది.

"నిన్న నేను ఊళ్ళో నేకపోయేను కదా. ఎవులికి కట్టేవు?"

 ముందురోజు పొద్దున్నే వచ్చిన రెండు బళ్ళకీ బుష్‌లే మార్చాను. పాత మెయిన్ పట్టీ కట్టింది బావకొక్కడికే. అతను మధ్యాహ్నానికి ఘాట్ దారి పడతాడు.

"నువ్వు సైకిలేసుకుని బేగి ఎల్లు. నేను ఆటోలో ఎనకాలే వత్తాను," అంది మా ఆవిడ.

మార్కెట్‌కి తొక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. నిజం చెప్పకుండా ఎలా తప్పించుకోవాలి? నట్టు బిగించడం మరిచిపోయానని చెబుదామనుకున్నాను. కానీ నట్టు బిగించడానికి లోడు దింపక్కర్లేదు. పట్టీ బయటికి తియ్యాలంటే లోడు దింపాలి. ఒక లారీ బెల్లం దింపించేంత అబద్ధం నాకు ఎంత వెతికినా దొరకలేదు. సెవాయన అని పిలిపించుకున్నవాణ్ణి, చెవి లేదని చెప్పుకున్నాక నా షెడ్డు ముందు ఏ బండి ఆగుతుంది? చెప్పకపోతే బావ పిల్లలు నా కళ్ళ ముందుకొచ్చి నిలబడుతున్నారు. మార్కెట్ గేటు దాకా ఆ రెండింటి మధ్యే నలిగిపోయాను.

లోడు అయిపోయింది. టార్పాలిన్ కప్పి మోకులు బిగిస్తున్నారు. ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు. బావ ఉతికిన చొక్కా తొడుక్కుని, సాంబ్రాణి కడ్డీ వెలిగించి అద్దం దగ్గర గుచ్చుతున్నాడు.

"బావా, బండి తియ్యకు. పట్టీ బయటికి తియ్యాల."

"అదేటి? నిన్న గుడి గంటన్నావు కదా!"

"నాకు సెవులు ఇనపడ్డం నేదు బావా."

అదే మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి రావడం. కలాసీల్లో ఒకడు నవ్వాడు. బావ నవ్వలేదు.

"ఎన్నాళ్ళయి?"

"రెండేళ్ళంట."

"అంటా ఏటి? నీ సెవులు నీకు తెల్దా?"

"పొద్దున్నే తెలిసింది," అని, విరిగిన పట్టీల సంగతీ, మా ఆవిడ సంగతీ చెప్పాను. అతని మొహం ఎర్రబడింది. "నా పిల్లల మీద ఒట్టేసి సెప్పినట్టు సెప్పేవు కదరా నిన్న!" అని అరిచాడు. పదిహేనేళ్ళలో అతను నన్ను రా అనడం అదొక్కసారే. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. కొట్టకుండా వెనక్కి తిరిగి, తన చేత్తోనే మోకు ముడి విప్పాడు. "దింపండి," అన్నాడు కలాసీలతో.

వాళ్ళు నన్ను తిట్టుకుంటూనే దింపారు. నేనూ వాళ్ళతో పాటు దిమ్మలు మోశాను. ఒక్కో బెల్లం దిమ్మ భుజాన పెట్టుకుంటే ముందురోజు నొప్పులన్నీ లేచి కూర్చున్నాయి. వెనక సగం ఖాళీ అయ్యాక జాకీ ఎత్తి, నిన్న బిగించిన నట్లే మళ్ళీ విప్పి, కట్ట ఊడదీసి, ఆ పట్టీని బయటికి లాగాను. అప్పటికి మా ఆవిడ సుత్తీ తీగా సంచిలో వేసుకుని వచ్చేసింది. పట్టీని కాటా దూలానికి వేలాడదీశాం.

"కాసేపు అందరూ ఊరుకోండి," అంది ఆవిడ. కలాసీలు ఊరుకున్నారు. అవతలి వరసలో వేలం పాడే ఆయన కూడా ఆపి చూశాడు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, సుత్తితో కొట్టి, కళ్ళు మూసుకుంది. నేను పట్టీ వైపు చూడలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాను. ఇంకోసారి కొట్టింది.

"బాగుంది అన్నయ్యా. దీనికేటీ అవదు. కట్టించుకో," అంది.

నా చెవి సరిగ్గానే చెప్పిందని ఒక్క క్షణం లోపల పొంగిపోయాను. అబద్ధమెందుకు, పొంగిపోయాను. వెంటనే గుర్తొచ్చింది, పొద్దున్న విరిగిన రెండూ కూడా నాకు ఇలాగే మోగాయి. బాగున్న పట్టీ నా చేతికి తగలడం బావ అదృష్టం, నా విద్య కాదు.

అదే పట్టీని మళ్ళీ కట్టాను. బెల్లం మళ్ళీ ఎక్కించాం. బావకి ఒక పూటంతా పోయింది. సాయంత్రం బండి కదిలేటప్పుడు మా ఆవిడకొక్కదానికే "వత్తాను సెల్లీ" అని చెప్పాడు. 

ఆ వార్త నాకంటే ముందే హైవే ఎక్కింది. ఆ నెలలో నా షెడ్డు ముందు ఆగిన బళ్ళు తక్కువ. తర్వాతి అమావాస్య ముందురోజు నాకు నడుం పట్టలేదు. ఇన్నేళ్ళూ రాకపోతే బాగుండుననుకున్న అమావాస్య, ఇప్పుడు బళ్ళు రాకుండానే వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది. పొద్దున్నే షెడ్డు ఊడ్చుకుని, పానాలన్నీ తుడిచి వరసగా పేర్చుకుని కూర్చున్నాను. ఎనిమిదయింది. ఎవరూ రాలేదు. తొమ్మిదవుతుండగా బావ లారీ రోడ్డు దిగి వచ్చి ఆగింది.

నేను లేచి నిలబడ్డాను. అతను దిగి, నా పక్క నుంచే నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు.

"సెల్లీ, ఈపాలి కుడి పక్క. పట్టీ ఒకటి సూసి పెట్టాల," అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. గుట్టలోంచి నేను పట్టీ తీసి, తీగ దూర్చి, వేలాడదీశాను. రోజూ నేను నిలబడే చోటు నుంచి రెండడుగులు పక్కకి జరిగాను. సుత్తి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ సుత్తి అందుకుంది గానీ కొట్టలేదు, నా వైపు చూస్తూ నిలబడింది.

"కొట్టవే," అన్నాను.

మెల్లగానే అన్నాననుకున్నాను. రోడ్డవతల టైర్ల కొట్టువాళ్ళంతా తిరిగి చూశారు.